సరిహద్దు మొదలయ్యేది చెక్ఇన్ కౌంటర్ దగ్గరే

అమెరికాలోకి రానివ్వాలా వద్దా అన్నది అక్కడి ఇమిగ్రేషన్ అధికారి తేలుస్తాడని మనం అనుకుంటాం. చట్టం చెప్పేదీ అదే. కానీ ఆ అధికారి ముఖం చూడటానికి ఎన్నో గంటల ముందే, శంషాబాద్ విమానాశ్రయంలో చెక్ఇన్ కౌంటర్ వెనక నిలబడ్డ అమ్మాయి సగం తీర్పు ఇచ్చేస్తుంది. ఆమె ప్రభుత్వ ఉద్యోగి కాదు. ఏ దేశపు ముద్రా ఆమె దగ్గర ఉండదు. అయినా ఆమె సరేనంటేనే మన సూట్‌కేసు బెల్టు మీదికి వెళ్తుంది, బోర్డింగ్ పాస్ చేతికొస్తుంది. ఆమెకు అనుమానం తీరకపోతే, వీసా ఎంత అసలుదైనా ఆ రాత్రికి ఇంటిదారి పట్టాల్సిందే.

దీని వెనక డబ్బు లెక్క ఉంది. సరైన పత్రాల్లేని ప్రయాణికుణ్ని తెచ్చి దించిన విమాన సంస్థకు చాలా దేశాలు జరిమానా వేస్తాయి. బ్రిటన్‌లో అది మనిషికి 2,000 పౌండ్లు. యూరోపియన్ యూనియన్ 2001లో ఇచ్చిన ఆదేశం ప్రకారం సభ్యదేశాలు కనిష్ఠ జరిమానాను 3,000 యూరోలకు తగ్గకుండానో, గరిష్ఠాన్ని 5,000కు తగ్గకుండానో పెట్టుకోవాలి. మన దేశమూ 2000లో చట్టం చేసి అప్పట్లో లక్ష రూపాయల జరిమానా పెట్టింది. పైగా వెనక్కి పంపేసిన మనిషిని తిరిగి తీసుకెళ్లాల్సింది కూడా ఆ సంస్థే. అందుకే కౌంటర్‌లో ఉన్నవాళ్లు టిమాటిక్ అనే సమాచార వ్యవస్థను చూస్తారు. ఏ దేశం పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఏ దేశానికి, ఏ దేశం మీదుగా వెళ్లాలంటే ఏయే పత్రాలు కావాలో అందులో ఉంటుంది. దాన్ని నడిపేది విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా. ఫలానా పత్రం కావాలని టిమాటిక్ చెబుతుంది. ఆ పత్రం కంటికి కనబడేలా చూపించాల్సిన బాధ్యత మాత్రం మనదే.

ఆ కౌంటర్ ముందు ఒక్క నిమిషం నిలబడి చూద్దాం. డాలస్‌లో కొడుకు దగ్గరికి మొదటిసారి వెళ్తున్న తల్లి. "రిటర్న్ టికెట్ ఉందామ్మా?" అని అడుగుతుంది కౌంటర్ అమ్మాయి. "ఉంది తల్లీ, మా వాడు వాట్సాప్‌లో పెట్టాడు" అంటూ ఆవిడ ఫోన్ తీస్తుంది. వేలు ఆనిస్తే లాక్ తెరుచుకోదు. వయసు మీదపడే కొద్దీ చర్మం పొడిబారుతుంది, వేలిముద్ర గీతలు అరిగిపోతాయి. దశాబ్దాలుగా అంట్లు తోమి, బట్టలు ఉతికిన వేళ్లయితే మరీను. సెన్సర్ వెతికేది ఆ గీతల ఎత్తుపల్లాల్నే. పిన్ నంబరు గుర్తు తెచ్చుకుని తెరిస్తే, వచ్చింది టికెట్ ఫైలు కాదు, దాని ఫోటో. వాట్సాప్ బొమ్మల్ని కుదించి పంపుతుంది కాబట్టి చిన్న అక్షరాలు అలుక్కుపోయాయి. వెనక క్యూలో జనం కదులుతుంటారు. ఆవిడకు చెమటలు పడతాయి. పక్క కౌంటర్‌లో ఇంకో పెద్దాయన ఫైల్ తెరిచి, మడతపెట్టిన కాగితం ఒకటి ముందు పెడతాడు. పది సెకన్లలో పని అయిపోతుంది.

ఇద్దరి దగ్గరా ఉన్న సమాచారం ఒక్కటే. ఆవిడ ఫోన్‌లోని సమాచారం బయటికి రావాలంటే చార్జింగ్, లాక్, యాప్, నెట్‌వర్క్ అన్నీ ఒకేసారి పనిచేయాలి. ఒక్కొక్కటి నూటికి తొంభై తొమ్మిది సార్లు పనిచేసినా, నాలుగూ వరసగా కావాలన్నప్పుడు విఫలమయ్యే అవకాశం నూటికి దాదాపు నాలుగుకు పెరుగుతుంది. కాగితానికి ఇవేవీ అక్కర్లేదు. అది తడవొచ్చు, చిరగొచ్చు, పోవచ్చు. కానీ ఫోన్ పాడయ్యే కారణాలు వేరు, కాగితం పాడయ్యే కారణాలు వేరు. భద్రతా ఇంజినీర్లు విమానంలో ఒకే పనికి రెండు మూడు వ్యవస్థలు పెట్టేటప్పుడు చూసేది సరిగ్గా దీన్నే: రెండూ ఒకే కారణంతో ఒకేసారి ఆగిపోకూడదు. ఫోన్‌లో పీడీఎఫ్, మెయిల్‌లో పీడీఎఫ్, క్లౌడ్‌లో పీడీఎఫ్ ఉంటే మూడు కాపీలున్నాయని ధీమాగా ఉంటాం. ఫోన్ చచ్చిపోతే మూడూ ఒక్కసారే పోతాయి.

అసలు పాస్‌పోర్టునే తీసుకోండి. ఇన్ని డిజిటల్ మార్పులొచ్చినా అది ఇంకా కుట్టిన పుస్తకంగానే ఎందుకుంది? మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1920లో పారిస్‌లో నానాజాతి సమితి సమావేశం జరిపి, ఏ దేశం పాస్‌పోర్టయినా ఒకే తీరుగా 32 పేజీల పుస్తకంగా ఉండాలని సూచించింది. తర్వాత 1944 షికాగో ఒప్పందంతో పుట్టిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే మాంట్రియల్ కేంద్రంగా ఉన్న ఐకావో, 1980లో 9303 నంబరు పత్రం విడుదల చేసింది. యంత్రం చదవగల పాస్‌పోర్టు ఎలా ఉండాలో అందులో రాశారు. మీ పాస్‌పోర్టు తెరిచి ఫోటో ఉన్న పేజీ అడుగున చూడండి. < లాంటి కోణపు గుర్తులతో నిండిన రెండు వరసలుంటాయి. ఒక్కో వరసలో సరిగ్గా 44 స్థానాలు. అక్షరాల ఆకారం కూడా ఎంచి పెట్టిందే. స్విట్జర్లాండ్‌కు చెందిన అక్షరశిల్పి ఏడ్రియన్ ఫ్రూటిగర్ 1968లో రూపొందించిన ఓసీఆర్-బి అది. మనిషికి చదవడానికి ఇబ్బంది లేకుండా, యంత్రం ఒక అక్షరాన్ని ఇంకో అక్షరమనుకోకుండా గీశాడు.

ఆ రెండో వరసలో నాకు చాలా ఇష్టమైన సంగతొకటి దాగుంది. పాస్‌పోర్టు నంబరు తర్వాత ఒక అంకె, పుట్టినతేదీ తర్వాత ఒకటి, గడువుతేదీ తర్వాత ఒకటి, చివర్లో అన్నింటికీ కలిపి ఒకటి అదనంగా ఉంటాయి. ఇవి సరిచూపు అంకెలు. లెక్క కాగితం మీద మనమే చేసుకోవచ్చు. పుట్టినతేదీ 1962 ఆగస్టు 15 అనుకుందాం. అక్కడ 620815 అని ఉంటుంది. వరసగా 7, 3, 1, 7, 3, 1తో హెచ్చించాలి. 42, 6, 0, 56, 3, 5 వస్తాయి. కూడితే 112. పదితో భాగిస్తే మిగిలేది 2. ఆ తేదీ పక్కన 2 ఉండాలి. స్కానర్ పొరపాటున చివరి రెండంకెలు తారుమారుగా 51 అని చదివిందనుకోండి, మొత్తం 120 అవుతుంది, శేషం 0. అచ్చులో 2 ఉంది కాబట్టి తప్పు జరిగిందని యంత్రానికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఎవరినీ అడగక్కర్లేదు, ఏ సర్వర్‌కూ కబురు పెట్టక్కర్లేదు.

అక్షరాలకూ విలువలున్నాయి. ఏ అంటే 10, బీ అంటే 11, అలా జెడ్ అంటే 35. ఓ అక్షరం విలువ 24 కాబట్టి, దాన్ని సున్నా అనుకుంటే లెక్క తప్పి బయటపడుతుంది. ఐని 1 అనుకున్నా, ఎస్‌ని 5 అనుకున్నా అంతే. 7, 3, 1 ఎందుకంటే వాటికీ పదికీ ఉమ్మడి భాజకం లేదు, అందువల్ల ఒక్క అంకె మారినా శేషం మారక తప్పదు. ఈ పద్ధతి కళ్లు కప్పే తప్పులూ లేకపోలేదు. పక్కపక్క అంకెల మధ్య తేడా సరిగ్గా 5 ఉంటే, అంటే 1, 6 తారుమారైతే, లెక్క మారదు. ఏ, కే, యూ అక్షరాల విలువలు 10, 20, 30 కాబట్టి వాటిలో ఒకటి ఇంకోటిగా మారినా పట్టుకోలేదు. అందుకే యంత్రం పైన మనిషి కన్ను కూడా ఉండాలి.

మొదటి వరస మన తెలుగువాళ్లను బాగా కష్టపెట్టే వరస. దేశం, పత్రం రకం పోను పేరుకు మిగిలేవి 39 స్థానాలు. ముందు ఇంటిపేరు, రెండు కోణపు గుర్తులు, తర్వాత మిగతా పేరు. మనలో చాలామందికి ఇంటిపేరు రికార్డుల్లో ఒక అక్షరంగా మాత్రమే ఉండేది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేసినవాళ్లు, పేరంతా ఒకే గడిలో రాసేసినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా వేస్తే పేరున్నచోట ఎఫ్ఎన్‌యూ అని వస్తుంది, అంటే సొంతపేరు తెలియదని. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని విమాన సంస్థలకు చెప్పింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరేనని ఆ వెంటనే వివరణ వచ్చింది. టికెట్ మీద ఒక తీరు, వీసా మీద ఒక తీరు, పాస్‌పోర్టులో ఇంకో తీరు పేరున్నప్పుడు, మూడింటినీ పక్కపక్కన పరిచి చూపించడం ఒక చిన్న తెరలో కుదిరే పని కాదు. కాగితాలైతే కౌంటర్ బల్ల మీద పరిచేయొచ్చు.

చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు వచ్చాయి కదా, ఇంకా ఈ అచ్చు గొడవెందుకని అడగొచ్చు. బయోమెట్రిక్ పాస్‌పోర్టు మొదట తెచ్చింది మలేసియా, 1998లో. మన దగ్గర 2024 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాత హైదరాబాద్ కార్యాలయం నుంచీ జారీ అవుతున్నాయి. ముందు అట్ట మీద కిందిభాగంలో ఉన్న చిన్న బంగారు గుర్తు చూసి పోల్చుకోవచ్చు. నాసిక్‌లోని సెక్యూరిటీ ప్రెస్‌లో అచ్చవుతాయి. లోపలి చిప్‌లో ఫోటో, వేలిముద్రలు, వివరాలు ఉంటాయి, వాటి మీద ఆ దేశపు డిజిటల్ సంతకం ఉంటుంది. ఒక్క అక్షరం మార్చినా సంతకం చెల్లదు. కానీ ఈ చిప్ అడిగిన ప్రతివాడికీ నోరు విప్పదు. జేబులో ఉన్న పాస్‌పోర్టును దారినపోయేవాడు ఎవడో రేడియో యంత్రంతో చదివేయకుండా కాపలా పెట్టారు. యంత్రం ముందు అచ్చులో ఉన్న ఆ రెండు వరసల్ని చదవాలి. పాస్‌పోర్టు నంబరు, పుట్టినతేదీ, గడువుతేదీ, వాటి సరిచూపు అంకెలు కలిపి ఒక రహస్య సంకేతం తయారు చేసుకోవాలి. అది సరిపోతేనే చిప్ మాట్లాడుతుంది. పెట్టె లోపలిది చూడటానికి పెట్టె మూత మీద అచ్చయిన అక్షరాలే తాళంచెవి అన్నమాట. కొత్తగా వచ్చిన భద్రతా పద్ధతులు ఇంతకన్నా గట్టివి, అయినా సాధారణంగా మొదలయ్యేది అచ్చు వరసల దగ్గరే. ఆ పేజీ మీద టీ ఒలికినా, పసిపిల్లాడు పెన్నుతో గీత గీసినా చిప్ లోపల క్షేమంగా ఉండి కూడా మనకు పనికిరాకుండా పోయే ప్రమాదముంది.

బోర్డింగ్ పాస్ కథ వేరు. 2008 జూన్ 1 నుంచి ఐయాటా సభ్య సంస్థలు కాగితపు టికెట్లు మానేశాయి. 2010 చివరికల్లా బోర్డింగ్ పాస్ మీద అయస్కాంత పట్టీ పోయి, అడ్డంగా నిలువుగా సమాచారం దాచుకునే బార్‌కోడ్ వచ్చింది. కాగితం మీద కనిపించే పొడవాటి, చీమలబారులాంటి కోడ్ పేరు పీడీఎఫ్417. 1991లో సింబల్ టెక్నాలజీస్ సంస్థలో యిన్‌జిన్ వాంగ్ కనిపెట్టాడు. ఫోన్ తెర మీద వచ్చేవి క్యూఆర్, ఆజ్‌టెక్ లాంటి చదరాలు. ఎందులో ఉన్నా సరుకు ఒకటే. తప్పనిసరి భాగం 60 అక్షరాలు. అందులో పేరుకు ఇచ్చింది 20. పీఎన్ఆర్ అనే బుకింగ్ సంకేతం, బయల్దేరే ఊరు, చేరే ఊరు, విమానం నంబరు, సీటు, చెక్ఇన్ వరస సంఖ్య మిగతా వాటిలో సర్దుకుంటాయి. ఆగస్టు 15న ప్రయాణమైతే తేదీ స్థానంలో 227 అని ఉంటుంది, సంవత్సరంలో అది 227వ రోజు కాబట్టి. ఏ సంవత్సరమో ఆ భాగంలో ఉండదు. లీపు సంవత్సరమైతే 228.

మడతలు పడ్డ, మూల చిరిగిన బోర్డింగ్ పాస్‌ను కూడా స్కానర్ చదివేస్తుంది. దానికి కారణం ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు 1960లో చూపించిన పద్ధతి. అసలు సమాచారంతో పాటు దాని నుంచే లెక్కగట్టిన అదనపు సంకేతాలు కొన్ని కలిపి అచ్చేస్తారు. కొంత చెరిగిపోయినా, మిగిలిన దాని నుంచి పోయింది ఏమిటో గణితం వెనక్కి రాబడుతుంది. వాయేజర్ నౌకలు అంత దూరం నుంచి బొమ్మలు పంపడానికీ, గీతలు పడ్డ సీడీ పాట పాడటానికీ ఇదే ఆధారం. ఫోన్ తెరలోని కోడ్‌కూ ఈ రక్షణ ఉంది. కానీ పగిలిన అద్దం మీద మెరుపు, తగ్గించి పెట్టిన వెలుతురు, ముందు అడ్డొచ్చిన నోటిఫికేషన్ లాంటివి ఒక్కోసారి కోడ్ మొత్తాన్నే మింగేస్తాయి. అదనపు సంకేతాలు కూడా ఆ కోడ్‌లోనే ఉన్నాయి మరి.

ఒక హెచ్చరిక చేయాలి. ఆ కోడ్‌ను ఎవరైనా చదవగలరు, దానికి తాళం లేదు. చాలా సంస్థల వెబ్‌సైట్లలో పీఎన్ఆర్, ఇంటిపేరు ఉంటే బుకింగ్ తెరుచుకుంటుంది. ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ ఆబట్ 2020లో తన బోర్డింగ్ పాస్ ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, అందులోని వివరాలతో ఒకతను ఆయన పాస్‌పోర్టు నంబరు దాకా వెళ్లగలిగాడు. అలా వెళ్లినతను మంచివాడు కాబట్టి ప్రభుత్వానికి చెప్పాడు. మొదటి విమాన ప్రయాణమని పిల్లలు ముచ్చటపడి స్టేటస్ పెడుతుంటారు. ఆ కాగితం ఒక తాళం లేని తలుపని వాళ్లకు చెప్పాల్సింది పెద్దవాళ్లే.

ఒక్కోసారి విమానాశ్రయంలోని యంత్రాలే ఆగిపోతాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసుకుని ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు. మన విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. హైదరాబాద్ నుంచి బయల్దేరిన ఒక ప్రయాణికుడికి ఇచ్చిన అలాంటి పాస్ ఫోటో దేశమంతా చూసింది. 2025 సెప్టెంబరులో కాలిన్స్ ఏరోస్పేస్ చెక్ఇన్ సాఫ్ట్‌వేర్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు లండన్ హీత్రో, బ్రసెల్స్, బెర్లిన్ విమానాశ్రయాల్లో మళ్లీ పెన్నూ కాగితమే దిక్కయ్యాయి. రకరకాల విమాన సంస్థలు ఒకే సాఫ్ట్‌వేర్‌ను పంచుకుంటున్నాయి, అది పడితే అందరూ ఒకేసారి పడతారు. అలాంటి గంటలో కౌంటర్ మనిషికి మీ పేరు కూడా తెర మీద కనబడదు. టికెట్ నంబరు, పీఎన్ఆర్ ఉన్న ప్రింటవుట్ చూపించగలిగినవాళ్లకు సమాధానం చెప్పడం వాళ్లకు తేలిక. ఆ పదమూడు అంకెల టికెట్ నంబరులో మొదటి మూడూ ఏ సంస్థో చెబుతాయి. ఎయిరిండియాది 098, ఎమిరేట్స్‌ది 176.

కాగితం మానేసే దిశగా సంస్థలు నడుస్తున్న మాట నిజమే. ఎమిరేట్స్ 2023 మే 15 నుంచి దుబాయ్ టెర్మినల్ 3లో మొబైల్ బోర్డింగ్ పాస్‌లకు మారింది. కానీ అప్పుడే కొందరిని మినహాయించింది: పసిపిల్లలతో వెళ్లేవాళ్లు, ఒంటరిగా ప్రయాణించే పిల్లలు, ప్రత్యేక సహాయం కావాల్సినవాళ్లు, అక్కణ్నుంచి వేరే సంస్థ విమానం ఎక్కేవాళ్లు, అమెరికా వెళ్లే విమానాల్లోని ప్రయాణికులందరూ. వీళ్లకు కాగితమే ఇస్తామంది. ఆ జాబితా చదువుతుంటే మన తెలుగిళ్ల నుంచి విదేశాలకు వెళ్లే అమ్మానాన్నలు, చంటిపిల్లల తల్లులు వరసగా కళ్లముందు కదులుతారు. కాగితం మానెయ్యమని ధైర్యంగా చెప్పిన సంస్థే, ఎవరికి అది తప్పదో తన చేత్తో రాసి పెట్టింది.

బ్రిటన్ ఇంకా ముందుకెళ్లింది. అక్కడ చదువుకునే, పనిచేసే మన పిల్లల దగ్గరుండే బయోమెట్రిక్ కార్డుల గడువును 2024 డిసెంబరు 31తో ముగించి, ఈ-వీసాకు మార్చింది. చేతిలో ఏ పత్రమూ ఉండదు, ఆన్‌లైన్ ఖాతాలో హోదా ఉంటుంది. అయితే గడువు తీరిన ఆ కార్డుల్నే ప్రయాణానికి 2025 జూన్ 1 దాకా చూపించవచ్చని సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. ఈ-వీసా ఒక పాస్‌పోర్టు నంబరుతో ముడిపడి ఉంటుంది. సెలవులకు ఇంటికొచ్చి కొత్త పాస్‌పోర్టు తీసుకున్న విద్యార్థి ఖాతాలో ఆ నంబరు మార్చుకోకపోతే, తిరుగుప్రయాణంలో కౌంటర్ దగ్గర చిక్కొస్తుంది. ఈ-వీసాకు ప్రింటు అక్కర్లేదన్నది నిజమే. హోదాను ఇతరులు చూడటానికి 90 రోజులు చెల్లే షేర్ కోడ్ తీసి, అది కాగితం మీద రాసుకుని వెళ్లమని నేనైతే చెబుతాను.

ఇలాంటి ప్రింట్లు ఏవీ వీసాలు కావన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్‌లో పేరు మార్చి ప్రింటు తీయడం ఎవరికైనా చాతనవుతుంది. అందుకే అధికారి దాన్ని నమ్మడు, దాని మీదున్న నంబరు పట్టుకుని తన రికార్డు తెరుస్తాడు. మన దేశం విదేశీయులకిచ్చే ఈ-వీసా విషయంలోనూ అనుమతి కాపీ దగ్గర పెట్టుకోమనే చెబుతారు.

సంతకం కావాల్సిన పత్రాల సంగతి మాత్రం వేరు. అమెరికా చదువుకు వెళ్లే విద్యార్థికి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే అర్హత పత్రం ఇప్పుడు మెయిల్‌లోనే వస్తుంది. దాన్ని ప్రింటు తీసి, పెన్నుతో సంతకం చేసి, చేతిసంచిలో పెట్టుకోవాలి. చెక్ఇన్ లగేజీలో వేస్తే ఇమిగ్రేషన్ దాటేదాకా ఆ సూట్‌కేసు చేతికి రాదు, పత్రం కావాల్సింది దానికి ముందే. తర్వాత సెలవుల్లో ఇంటికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు రెండో పేజీలో కాలేజీ అధికారి ప్రయాణ సంతకం ఉందా, ఏడాది దాటిందా అన్నది చూసుకోవాలి. చదువయ్యాక ఓపీటీ అనే ఉద్యోగ శిక్షణలో ఉన్నవాళ్లకు అది ఆరు నెలలే. ఐ-20 మర్చిపోయి దిగినవాళ్లను ఐ-515ఏ అనే నోటీసుతో 30 రోజులకు రానిచ్చే వెసులుబాటు అధికారికి ఉంది. అది ఆయన దయ మీద ఆధారపడ్డది.

పదేళ్ల అమెరికా వీసా పాత పాస్‌పోర్టులో ఉండి, ఆ పాస్‌పోర్టు గడువు తీరితే రెండు పుస్తకాలూ తీసుకెళ్లాలి. పాత దాని మూల కత్తిరించి రద్దు చేసినా లోపలి వీసా పాడుకాకపోతే చెల్లుతుంది. రెండింటినీ స్టేప్లర్‌తో కలిపేయకండి, ఈ-పాస్‌పోర్టు అయితే పిన్ను లోపలి యాంటెన్నా తీగను తెంపగలదు. విదేశీ పౌరులై ఓసీఐ కార్డున్న బంధువులు మునుపు ఇక్కడికి వచ్చేటప్పుడు పాత విదేశీ పాస్‌పోర్టు కూడా మోసుకొచ్చేవారు. 2021లో ఆ నిబంధన తీసేశారు.

నైజీరియా, ఉగాండా, కెన్యా లాంటి దేశాలకు పనుల మీద వెళ్లొచ్చేవాళ్లకు ఇంకో కార్డు ముఖ్యం. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు వైద్యుడి సంతకం, కేంద్రం ముద్ర ఉన్న పసుపు పుస్తకం. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. టీకా వేసిన పదో రోజు నుంచే అది చెల్లుతుంది. అంతకాలం పట్టేది శరీరం రక్షణ కూడగట్టుకోవడానికి. 2016 జూలై 11 నుంచి అది జీవితాంతం చెల్లుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చింది. ఆ జ్వరాన్ని మోసే ఏడిస్ దోమ మన దేశంలో ఊరూరా ఉంది, వైరస్ మాత్రం లేదు. అది రాకుండా కాపాడుకునే ప్రయత్నంలో భాగంగానే, ఆ దేశాల నుంచి కార్డు లేకుండా దిగినవాళ్లను ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. ఆ అధికారుల కాఠిన్యం మీద నాకు ఫిర్యాదు లేదు.

కాగితమంటే అన్నీ ఒకటి కాదు. కౌంటర్‌లో ఇచ్చే బోర్డింగ్ పాస్ చాలాచోట్ల థర్మల్ కాగితం. దాని మీద సిరా ఉండదు. రంగులేని ఒక రసాయనం, దాన్ని నల్లబరిచే ఇంకో రసాయనం పూతగా ఉంటాయి. ప్రింటర్ తల వేడికి రెండూ కరిగి కలిసినచోట అక్షరం పుడుతుంది. వేసవిలో కారు డాష్‌బోర్డు మీద పెడితే మొత్తం నల్లబడిపోతుంది. ఎండలో వదిలేసినా, మెత్తని పీవీసీ కవరులో నెలల తరబడి ఉంచినా అక్షరాలు వెలిసిపోతాయి. ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే నూనెలు పూతలోకి ఇంకుతాయి. ఆఫీసులో ప్రయాణ ఖర్చులు రాబట్టుకోవడానికో, మైళ్లు జమకాలేదని అడగడానికో ఆ పాస్ కావాల్సినవాళ్లు దిగిన రోజే జిరాక్స్ తీసుకోవడం మేలు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసిన కాగితం చినుకు పడితే అలుక్కుపోతుంది, రంగు నీళ్లలో కరిగేది కాబట్టి. వీధి చివర జిరాక్స్ షాపులో తీసే లేజర్ ప్రింటు అలా కాదు. టోనర్ అంటే ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది, తడిసినా చెదరదు. రెండు రూపాయలో మూడు రూపాయలో పెట్టి అక్కడే తీయించడం నా సలహా. పీడీఎఫ్417 చుట్టూ తెల్లని అంచు వదలాలి, ఆ తెలుపు చూసే స్కానర్ కోడ్ ఎక్కడ మొదలైందో పోల్చుకుంటుంది.

తల్లిదండ్రుల్ని పంపేవాళ్లకు ఒక మాట. పిల్లల ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, రోజూ వేసుకునే మందుల పేర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ప్రింటు తీసి ఇవ్వండి. దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం ఆలస్యమైతే, రోమింగ్ లేని మన సిమ్ పనిచేయదు. కొన్నిచోట్ల వైఫై కావాలంటే ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, ఆ ఓటీపీ అందుకోవడానికే నెట్‌వర్క్ ఉండదు. ఇంకో సంగతి, తెర మీద పత్రం చూపించడమంటే తెరిచిన ఫోన్ పరాయివాళ్ల చేతికివ్వడం. అందులో మన కుటుంబమంతా ఉంటుంది.

ఇంతవరకూ చెప్పిందంతా వెంట తీసుకెళ్లే కాగితాల గురించి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి, కోనసీమ, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లే కూలీల విషయంలో ఇంట్లో వదిలి వెళ్లే కాగితాలకు అంతకంటే విలువ ఉంది. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్, అంటే వలస అనుమతి అవసరమైన కోవ కిందికి వస్తుంది, 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి చట్టం ప్రకారం వలస అనుమతి కావాలి. దానితోపాటు ప్రమాదంలో చనిపోతే 10 లక్షల రూపాయలిచ్చే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. అక్కడ దిగాక చాలామంది పాస్‌పోర్టు యజమాని తీసేసుకుంటాడు. మనిషికి ఏమైనా అయితే, జీతం ఆగితే, జైల్లో పడితే, ఇక్కడ భార్యో తల్లో అధికారుల చుట్టూ తిరగాలి. విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయాలన్నా, రాయబార కార్యాలయం మనిషిని వెతికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద ఇంటికి పంపాలన్నా ముందు అడిగేది పాస్‌పోర్టు నంబరు. అందుకని బయల్దేరే ముందు పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, పని ఒప్పందం, బీమా పాలసీ లేజర్ జిరాక్స్ తీసి ఇంట్లో ఇచ్చి వెళ్లాలి. వీసా కాపీ వెనక కంపెనీ పేరు, క్యాంపు చిరునామా, పంపిన ఏజెంటు పేరు, ఫోన్ నంబరు, తోటి ఊరివాడు ఎవరైనా అక్కడుంటే అతని నంబరు రాయించాలి.